రాయగడలో చంటిపిల్లల సంరక్షణ కేంద్రానికి అనుమతి ఎవరిస్తారు, తనిఖీ వివరాలు తల్లిదండ్రులు చూడవచ్చా?

ప్రశ్న: రాయగడ నుంచి ఒక తల్లి

నమస్కారం. మాది పార్వతీపురం దగ్గరి ఊరు. ఉద్యోగరీత్యా నాలుగేళ్లుగా రాయగడలో ఉంటున్నాము. నేను బ్యాంకులో పని చేస్తాను, మా వారిది షిఫ్టుల ఉద్యోగం. ఇంతకాలం మా అత్తగారు పాపను చూసుకున్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై ఊరికి వెళ్లిపోవడంతో, రెండేళ్ల నాలుగు నెలల పిల్లను ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా ఎవరి చేతిలో పెట్టాలో తెలియక నెల రోజులుగా సతమతమవుతున్నాము.

మా వీధికి దగ్గరలో ఒక కేంద్రం ఉంది. ఒక ఇంటి మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని నడుపుతున్నారు. పద్దెనిమిది మంది పిల్లలు, ఇద్దరు ఆయాలు, వారిపైన యజమానురాలు. ఆవిడ ఓపికగా మాట్లాడారు, పిల్లలు కూడా ఆవిడను చూడగానే దగ్గరకు వెళుతున్నారు. బయట బోర్డు మీద ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ "ప్రభుత్వ గుర్తింపు పొందినది" అని రాసి ఉంది. లోపల గోడకు అద్దం కట్టించిన కాగితం ఒకటి వేలాడుతోంది. నాకు ఒడియా చదవడం ఇప్పుడిప్పుడే వస్తోంది. కూడబలుక్కుని చదివితే అది పురపాలక సంఘం ఇచ్చిన ట్రేడ్ లైసెన్సు అని అర్థమైంది. అంటే కిరాణా దుకాణానికి ఇచ్చే కాగితమే దీనికీ ఇచ్చారన్నమాట. పిల్లల గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు.

నాకు ఈ సందేహం రావడానికి కారణం మా చెల్లెలు. అది డాలస్‌లో ఉంటుంది. వాళ్ల పాపను చేర్చే ముందు, ఆ కేంద్రాన్ని ఎప్పుడెప్పుడు తనిఖీ చేశారో, ఏ లోపాలు కనిపించాయో, వాటిని ఏ తేదీకి సరిదిద్దారో రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైటులో ఇంట్లో కూర్చుని చదివింది. గది శుభ్రం చేసే ద్రావకం సీసా పిల్లలకు అందేంత ఎత్తులో కనిపించిందన్న సంగతి కూడా అందులో నమోదై ఉందట. అక్కడ 2014 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, ప్రభుత్వ సహాయం అందుకునే లైసెన్సు కేంద్రాలను ఏడాదికి ఒక్కసారైనా ముందుగా చెప్పకుండా వచ్చి తనిఖీ చేయాలని, ఫలితాలను అందరూ చూడగలిగేలా పెట్టాలని అది చెప్పింది.

నా ప్రశ్నలు ఇవి. మన దగ్గర ఇలాంటి కేంద్రానికి అనుమతి ఇచ్చే అధికారి ఎవరు? తనిఖీకి ఎవరైనా వస్తారా? వస్తే వాళ్లు రాసినది నేను చూడవచ్చా? ఏ అధికారీ రాని పక్షంలో, చేర్చే ముందు నా అంతట నేను ఏం చూసుకోవాలి? ఈ జిల్లాల్లో ఉండి అనుభవం ఉన్నవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.


జవాబు: పర్లాకిమిడి నుంచి, అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా పదవీ విరమణ చేసినవారు

అమ్మా, నువ్వు గోడ మీది కాగితాన్ని చదివావు చూడు, అక్కడే సగం పని చేశావు. చాలామంది అద్దం చూసి తృప్తి పడతారు.

ముందు అనుమతి సంగతి. ప్రైవేటు సంరక్షణ కేంద్రాలన్నింటికీ దేశమంతటా వర్తించే ఒకే లైసెన్సు చట్టం మనకు లేదు. ముక్కలు ముక్కలుగా నిబంధనలు ఉన్నాయి. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు వెళ్లే ప్రైవేటు ప్లే స్కూళ్ల కోసం జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు తయారు చేసింది. వాటిలో గుర్తింపు, సీసీ కెమెరాలు, ప్రహరీ గోడ, రిజిస్టర్లు అన్నీ ఉన్నాయి. అయితే మూడేళ్లు నిండని పిల్లను చేర్చుకోకూడదని కూడా అందులోనే ఉంది కనుక, మీ పాప వయసు వాటి పరిధిలోకే రాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషను తప్పనిసరి అని ఎవరైనా చెబితే తికమకపడకు. అది అనాథలు, నిరాశ్రయులు అయిన పిల్లలు రాత్రింబవళ్లు ఉండే గృహాలకు సంబంధించినది, పగలు దింపి సాయంత్రం తీసుకువెళ్లే చోటికి కాదు. ప్రభుత్వ పక్షాన ఉన్న క్రెష్ (పగటిపూట శిశు సంరక్షణ కేంద్రం) పథకం పేరు ఇప్పుడు పాల్నా, కేంద్ర ప్రభుత్వ మిషన్ శక్తి కింద నడుస్తోంది. అందులో 6 నెలల నుంచి 6 ఏళ్ల దాకా తీసుకుంటారు. అలాంటిది మీ దగ్గర ఉందేమో ముందు అంగన్‌వాడీలను పర్యవేక్షించే సీడీపీవో (శిశు అభివృద్ధి పథకం అధికారి) కార్యాలయంలో అడుగు. ప్రైవేటు కేంద్రం గురించి అడగవలసిన చోటు కూడా అదే, దానిపైన జిల్లా సాంఘిక సంక్షేమ అధికారి ఉంటారు.

బోర్డు మీద "గుర్తింపు పొందినది" అని ఉంటే, ఏ కార్యాలయం, ఏ ఉత్తర్వు సంఖ్య, ఏ తేదీ, ఎప్పటిదాకా చెల్లుతుంది అని నాలుగూ అడుగు. నిజంగా ఉన్నవాళ్లు సంతోషంగా చూపిస్తారు.

ఇక తనిఖీ. నేను చాలా ఏళ్లు అంగన్‌వాడీ కేంద్రాలు తిరిగాను కనుక, కేంద్రం లోపలికి అడుగు పెట్టే ముందు నేను చేసే మొదటి పని చెబుతాను. గుమ్మం బయట చిన్న చెప్పులు లెక్కపెట్టేదాన్ని. తర్వాత హాజరు పట్టీ తీసేదాన్ని. పట్టీలో ఇరవై రెండు, గుమ్మం దగ్గర తొమ్మిది జతలు ఉన్నప్పుడు ఆ పట్టీలో మిగతా పేజీలు కూడా ఎలా రాసి ఉంటారో తెలిసిపోయేది. (మా కొండ ఊళ్లలో కొందరు పిల్లలు ఉత్తకాళ్లతో వచ్చేవారు, అక్కడ తలలే లెక్కపెట్టాలి.) రెండోది సిరా. నెల రోజుల బరువులు, హాజరు, వంట సరుకుల ఖర్చు అన్నీ ఒకే సిరాతో, ఒకే ఒత్తిడితో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా ఉంటే అవి ఆ నెల చివరి రోజున ఒక్కసారి కూర్చుని రాసినవే. నిజంగా ప్రతిరోజూ రాసే పుస్తకం అందంగా ఉండదు. మధ్యలో పసుపు మరక ఉంటుంది, ఒక రోజు ఆయా చేతిరాత ఉంటుంది, ఒక రోజు తేదీ తప్పు పడి దిద్ది ఉంటుంది. అలాంటి పుస్తకాన్ని నమ్ము.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఖాళీ ప్రమాదాల పుస్తకం. పద్దెనిమిది మంది చంటిపిల్లలున్న చోట నెలలో ఒకరైనా పడతారు, ఒకరైనా ఇంకొకరిని కొరుకుతారు, తలుపు సందులో వేలు పడుతుంది. ఏడాది పొడుగునా ఏమీ జరగలేదని పుస్తకం చెబితే, జరిగినవి రాయలేదనే నేను అర్థం చేసుకుంటాను. పదిసార్లు చిన్న దెబ్బలు నమోదైన కేంద్రం, ఏమీ నమోదు కాని కేంద్రం కంటే మేలైనదని నా నమ్మకం.

వంటగది చూడకుండా రావద్దు. 2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిందని తేలింది. మనలాంటి వ్యవసాయ జిల్లాల్లో పురుగుమందు డబ్బాలు కడిగి ఇంట్లో వాడుకోవడం నేను కళ్లారా చూశాను కనుక, నూనె, కిరోసిన్, ఫినాయిల్ ఎక్కడ పెట్టారో, ఏ డబ్బాలో పోశారో చూడనిదే నేను సంతకం పెట్టేదాన్ని కాదు. నీళ్ల డ్రమ్ముకు మూత ఉందా, ఆ మూత పిల్ల తీయగలిగేలా ఉందా అన్నది కూడా. రెండేళ్ల పిల్ల తలకిందులుగా పడితే బకెట్టు నీళ్లు చాలు.

మేడ మీద అన్నావు. అది నాకు నచ్చలేదు. పని చేసే తల్లుల కోసం 2018లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఇచ్చిన క్రెష్ కనీస మార్గదర్శకాల్లో, మూడేళ్ల లోపు వారికి పది మందికి ఒక మనిషి, ఆపై వయసు వారికి ఇరవై మందికి ఒక మనిషి ఉండాలని ఉంది. 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ విధానంలోనూ ఇదే లెక్క. ఇద్దరు ఆయాలతో పద్దెనిమిది మంది అంటే కాగితం మీద సరిపోతుంది. కానీ ఒక ఆయా వంటగదిలో ఉన్నప్పుడు మేడ మెట్ల దగ్గర ఎవరున్నారు? మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లి చూడు, ఉదయం చేర్పించే వేళ కాదు.


జవాబు: బల్లార్షా నుంచి ఒక తండ్రి

మాది ఆదిలాబాదు వైపు. మా నాన్నగారు బొగ్గు గనుల్లో పని చేయడానికి వచ్చి చంద్రపూర్ జిల్లాలోనే స్థిరపడ్డారు. ఇక్కడ ఇలాంటి వాటిని పాళణాఘర్ అంటారు. మీరు చేర్చకముందే అడుగుతున్నారు, మేము చేర్చిన తర్వాత అడగవలసి వచ్చింది.

మా బాబుకు అప్పుడు మూడేళ్లు. ఒక సాయంత్రం ఇంటికి తీసుకువచ్చి స్నానం చేయిస్తుంటే ముంజేతి మీద రూపాయి బిళ్లంత బొబ్బ కనిపించింది. మర్నాడు వెళ్లి అడిగితే, ఇంటి నుంచి వచ్చేటప్పుడే ఉందని ఒక ఆయా, ఎండలో ఆడుకుంటే వచ్చిందని ఇంకొక ఆయా చెప్పారు. నేను కోపంతో కేకలు వేశాను. వాళ్లు కూడా కేకలు వేశారు. చివరికి ఇంట్లో కాలలేదని నిరూపించే ఆధారం నా దగ్గర లేదు, అక్కడ కాలలేదని నిరూపించే ఆధారం వాళ్ల దగ్గర లేదు. పిల్ల గుమ్మం లోపలికి వచ్చేటప్పుడు ఒంటి మీద ఏముందో ఒక్క నిమిషం చూసి రాసుకునే అలవాటు ఉండి ఉంటే ఆ రోజు నాకు నిజం తెలిసేది. ఆరేళ్లు గడిచినా నాకు నిజం తెలియదు. బాబును అక్కడ మాన్పించాము, అంతే.

తర్వాత చేర్చిన చోట మేము ఏడుగురం తల్లిదండ్రులం కలిసి ఒక నియమం పెట్టించుకున్నాము. పొద్దున దింపేటప్పుడు పిల్ల చేతులు, కాళ్లు, ముఖం ఇద్దరూ కలిసి చూసి, ఏదైనా ఉంటే ఆ పిల్ల పేజీలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. సాయంత్రం కూడా అంతే. అర నిమిషం పని. మొదట్లో ఆయాలు దీన్ని తమ మీద అనుమానంగా తీసుకున్నారు. ఒకసారి ఇంట్లో మంచం మీద నుంచి పడి నుదురు బొప్పి కట్టిన పిల్లను తీసుకువచ్చినప్పుడు, ఆ పుస్తకం తమను కూడా కాపాడుతుందని వాళ్లకు అర్థమైంది. అప్పటి నుంచి మేము మరిచిపోయినా వాళ్లే పెన్ను అందించేవారు.

మా వైపు ఇంకొకటి కూడా ఉంది, ఎండ. చంద్రపూర్‌లో మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. పైన రేకులున్న గదిలో మధ్యాహ్నం పిల్లలను పడుకోబెడతారా అన్నది అనుమతి కాగితంలో ఎక్కడా ఉండదు. రాయగడలో ఇంత ఎండ లేకపోవచ్చు కానీ దోమలుంటాయి, దక్షిణ ఒడిశాలో మలేరియా గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. కిటికీలకు జాలీ, పగటి నిద్రకు దోమతెర ఉన్నాయో లేదో చూడండి.


జవాబు: జయపురం నుంచి, న్యాయవాద వృత్తిలో ఉన్నవారు

పై ఇద్దరు చెప్పినదానికి చట్టం వైపు నుంచి కొంత కలుపుతాను.

సమాచార హక్కు చట్టం 2005 కింద మీరు ప్రైవేటు కేంద్రాన్ని నేరుగా అడగలేరు. కానీ ఒక ప్రభుత్వ అధికారి ఏదైనా చట్టం కింద ఒక ప్రైవేటు సంస్థ నుంచి తీసుకోగల సమాచారం కూడా "సమాచారం" కిందకే వస్తుందని సెక్షన్ 2(ఎఫ్) చెబుతోంది. కనుక జిల్లా సాంఘిక సంక్షేమ అధికారి కార్యాలయానికి, ఫలానా చిరునామాలోని కేంద్రానికి ఏ గుర్తింపు ఇచ్చారు, ఏ తేదీల్లో తనిఖీ చేశారు, తనిఖీ నివేదికల ప్రతులు ఇవ్వండి అని దరఖాస్తు పెట్టండి. ఒడిశాలో ఫారం ఎ ఉంది, రుసుము 10 రూపాయలు. దరఖాస్తు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ స్థానిక అధికార భాషలో గానీ ఉండాలి, తెలుగులో రాస్తే తిప్పి పంపవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు చేసుకోవచ్చు. "అటువంటి రికార్డు మా వద్ద లేదు" అని వస్తే కూడా దాన్ని పారేయకండి. ఆ బోర్డు మీది మాట అబద్ధమని చెప్పే అధికారిక పత్రం అదే అవుతుంది.

రెండోది, సిబ్బంది గురించి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం, పిల్లలతో రోజూ పని ఉండే ఏ సంస్థ అయినా, క్రెష్‌లు కూడా, ప్రతి ఉద్యోగికీ నియమిత కాలానికి ఒకసారి పోలీసు ధ్రువీకరణ చేయించాలి. దీనికి ట్రేడ్ లైసెన్సుతోనూ గుర్తింపుతోనూ సంబంధం లేదు, అందరికీ వర్తిస్తుంది. మీరు చూసిన కేంద్రంలో ఇద్దరు ఆయాలకే కాదు, పిల్లలను ఇంటికి చేర్చే ఆటో నడిపే మనిషికి కూడా అడగండి. పిల్లను అప్పగించుకున్న సంస్థలో పని చేసేవారు ఆ పిల్లపై క్రూరంగా ప్రవర్తిస్తే, బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, ఐదు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. పిల్లల సహాయవాణి 1098 నంబరు మీకు తెలిసే ఉంటుంది.

మూడోది మీ ఉద్యోగం గురించి. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ వసతి కల్పించాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన సవరణ చెప్పింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ అదే సంఖ్య ఉంది. మీ బ్యాంకుకు ఒక ఉత్తరం రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

పెద్దావిడ మేడ మెట్ల గురించి చెప్పినది నన్ను ఆలోచింపజేసింది. 2004 జూలై 16న కుంభకోణంలో మంటల్లో 94 మంది పిల్లలు చనిపోయిన బడిలో పూరి కప్పు, ఇరుకు మెట్లు ఉన్నాయి. సారణ్ ఘటన కూడా తొమ్మిదేళ్ల తర్వాత సరిగ్గా అదే తేదీన జరగడం నాకు ఇప్పుడే తట్టింది. కుంభకోణం తర్వాత దాఖలైన అవినాశ్ మెహ్రోత్రా కేసులో సుప్రీంకోర్టు 2009లో తీర్పు ఇస్తూ, భవనం సురక్షితమని నిర్ధారించుకోనిదే బడికి గుర్తింపు ఇవ్వకూడదని, అగ్నిమాపక పరికరాలు పెట్టాలని ఆదేశించింది. అది బడుల గురించే అయినా, మేడ మీద ఉన్న రెండు గదుల నుంచి పద్దెనిమిది మంది చంటిపిల్లలను ఇద్దరు ఆడవాళ్లు ఎన్ని నిమిషాల్లో దింపగలరని అడగడానికి తీర్పు అక్కరలేదు.


జవాబు: బరంపురం నుంచి, ఒక కేంద్రం నడిపేవారు

నేను మా ఇంటి కింది భాగంలో పద్నాలుగు మంది పిల్లలతో కేంద్రం నడుపుతున్నాను. ఇక్కడ వస్తున్న మాటలన్నీ న్యాయమైనవే, ఒక్కదానితో మాత్రం నేను విభేదిస్తాను. అందరి పిల్లల పేర్లున్న పుస్తకాన్ని ఏ తల్లి అడిగినా చేతికి ఇవ్వడం సరికాదు. ఒక పిల్లకు మూర్ఛ మందు ఇస్తున్నామన్నది, ఇంకొక పిల్లను తండ్రికి అప్పగించవద్దని తల్లి రాసి ఇచ్చిందన్నది నా రిజిస్టర్లలో ఉన్నాయి. వాటిని ఇరుగుపొరుగు చదివితే ఆ కుటుంబాలకు అన్యాయం చేసినదాన్ని అవుతాను. అందుకే బల్లార్షా వారు చెప్పినట్టు ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క పుస్తకం పెట్టాను. కొత్తగా వచ్చేవారు అడిగితే పేర్లు మూసి నాలుగైదు పేజీలు చూపిస్తాను.

నేను పెట్టే రిజిస్టర్లలో తల్లిదండ్రులు ఎన్నడూ అడగనిది, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది, సాయంత్రం పిల్లను ఎవరు తీసుకువెళ్లారో రాసే పుస్తకం. చేర్చే రోజునే ముగ్గురి పేర్లు, ఫొటోలు తీసుకుంటాను. నాలుగో మనిషి వస్తే, మేనమామ అయినా సరే, తల్లికి ఫోను చేయనిదే అప్పగించను. ఒకసారి ఇలా ఆపినందుకు ఒక పెద్దాయన నన్ను నానా మాటలూ అన్నారు. ఆ పిల్ల తల్లి మాత్రం మర్నాడు వచ్చి నా చేతులు పట్టుకుంది. మందుల పుస్తకం రెండోది. తల్లి రాసి సంతకం పెట్టనిదే జ్వరం మందు ఒక్క చుక్క కూడా వేయను, వేస్తే ఎన్ని గంటలకు ఎంత వేశానో రాస్తాను.

ఇంకొక మాట మనసులో ఉంది, చెప్పేస్తాను. నా దగ్గరకు ఇంతవరకు వచ్చిన తల్లిదండ్రుల్లో ఎక్కువ మంది అడిగిన మొదటి ప్రశ్న ఫీజు, రెండోది సీసీ కెమెరా ఫోనులో కనిపిస్తుందా అన్నది. కెమెరా ఉంది. కానీ అది పడిపోయిన పిల్లను ఎత్తుకోదు. నా ఆయాలకు నేనిచ్చే జీతంలో, వాళ్లు ఎన్నాళ్లుగా నా దగ్గర ఉన్నారన్నదానిలో మీ పాప భద్రత ఎక్కువగా ఉంది. మూడు నెలలకొకసారి ఆయా మారిపోయే చోట ఏ రిజిస్టరూ నిలవదు. రాయగడ అమ్మగారూ, మీరు చూసిన చోట ఆయాలను విడిగా పలకరించి, ఎంతకాలంగా పని చేస్తున్నారో అడగండి.


మళ్లీ రాయగడ నుంచి

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న సగం రోజు సెలవు పెట్టి మధ్యాహ్నం రెండింటికి వెళ్లాను. చెప్పులు లెక్కపెట్టాను, పదహారు జతలు. పట్టీలోనూ పదహారే ఉన్నాయి, నాకు ధైర్యం వచ్చింది. ఒక ఆయా రెండేళ్లుగా, ఇంకొకరు ఐదేళ్లుగా ఉన్నారు. ఫినాయిల్ పైఅరలో ఉంది, నీళ్ల డ్రమ్ముకు మూత లేదు. ప్రమాదాల పుస్తకం అడిగితే యజమానురాలు కొంచెం తటపటాయించి, అలాంటిది లేదని, ఏదైనా అయితే సాయంత్రం నోటితో చెబుతామని అన్నారు. పోలీసు ధ్రువీకరణ ఒకరికే ఉంది. మెట్ల పైన గేటు ఉంది కానీ గొళ్లెం విరిగిపోయింది.

గుర్తింపు ఉత్తర్వు సంఖ్య అడిగినప్పుడు ఆవిడ ముఖం చిన్నబోయింది. బోర్డు రాసినవాడే ఆ మాట పెట్టాడని, అందరూ అలాగే పెట్టుకుంటారని చెప్పారు. ఆవిడను నేను చెడ్డ మనిషి అనుకోవడం లేదు. ఇంతకాలం ఎవరూ అడగలేదు, ఎవరూ వచ్చి చూడలేదు. గొళ్లెం, డ్రమ్ము మూత, రెండో ఆయా ధ్రువీకరణ, పిల్లకొక పుస్తకం, ఈ నాలుగూ అయితే వచ్చే నెల ఒకటో తేదీన చేరుస్తానని, కావాలంటే పుస్తకాలు నేనే కొని తెస్తానని చెప్పాను. సరే అన్నారు. ఫారం ఎ నింపి సోమవారం జిల్లా కార్యాలయంలో ఇస్తాను.

బరంపురం అక్కా, మీ పిల్లల పుస్తకంలోని ఒక ఖాళీ పేజీ ఫొటో పెట్టగలరా? ఆయాలకు ఒడియాలో రాసి ఇస్తాను.


జవాబు: పర్లాకిమిడి నుంచి

అమ్మా, ఒకటో తేదీకి ముందు ఇంకొకసారి చెప్పకుండా వెళ్లు. గొళ్లెం కొత్తది వేశారో లేదో చేత్తో లాగి చూడు. మేడ మెట్ల సంగతి మాత్రం గొళ్లెంతో తీరదు. ఆ ఇంట్లోనే కింది వాటా ఎప్పుడు ఖాళీ అవుతుందో ఇంటివారిని అడగమని ఆవిడకు చెప్పు. ఒడియాలో పేజీ రాసేటప్పుడు నాకు పంపితే దిద్దిపెడతాను, ఆ మాటలు నేను ముప్పై ఏళ్లు రాశాను.